తల్లి రక్తంలో కణమరణం గుర్తులు: ఎదుగుదల తగ్గిన బిడ్డ గురించి ఇవి ఎంతవరకు చెబుతాయి?

పీజీ_రెండో_ఏడాది

అందరికీ నమస్కారం. ప్రసూతి విభాగంలో పీజీ చేస్తున్నాను. ఎఫ్‌జీఆర్ గర్భాల్లో, అంటే కడుపులో బిడ్డ ఎదగాల్సినంత ఎదగని గర్భాల్లో, తల్లి రక్తంలో కణమరణం గుర్తులు కొలవాలన్నది నా థీసిస్ ఆలోచన.

ఇలాంటి గర్భాల్లో మాయలోని కణాలు మామూలు కంటే ఎక్కువగా అపాప్టోసిస్‌తో (ఒక పద్ధతిలో తమను తామే చంపుకుని) చనిపోతున్నాయని 1997లోనే స్మిత్, బేకర్, సైమండ్స్ చూపించారు. మాయ పై పొర నేరుగా తల్లి రక్తంలో తడుస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ చనిపోయిన కణాల శకలాలు తల్లి రక్తంలోకే చేరతాయి. అలాంటప్పుడు కాన్పు దాకా ఆగకుండా, తల్లి చేతి నుంచి తీసిన కాస్త రక్తంతోనే మాయ పరిస్థితి తెలియాలి కదా?

ఎలైజా (యాంటీబాడీలతో ప్రొటీన్లు కొలిచే) పద్ధతిలో ఎం30, ఎం65 అనే కణమరణం గుర్తులు, వాటితోపాటు పిండ డీఎన్‌ఏ కొలుద్దామనుకుంటున్నాను. కానీ చదివే కొద్దీ అయోమయంగా ఉంది. ఒక పేపర్‌లో పెరిగాయంటారు, ఇంకో పేపర్‌లో తేడా లేదంటారు. మాయలు చూసేవాళ్లు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజుపలక

నేను పాథాలజీలో ఉన్నాను, మాయలు చూడటమే నా పని. ముందు ఆ పై పొర సంగతి చెప్పాలి, ఎందుకంటే తిరకాసంతా అక్కడే ఉంది.

దాని పేరు సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్. కణానికీ కణానికీ మధ్య గోడలుండవు. మాయ మొత్తం మీద ఒకటే పొర, అందులో లెక్కలేనన్ని కేంద్రకాలు. నెలలు నిండేసరికి దాని వైశాల్యం 10 చదరపు మీటర్లు దాటుతుంది. ఈ పొర తనంతట తాను విభజన చెందలేదు. కింద ఉన్న సైటోట్రోఫోబ్లాస్ట్ కణాలు వచ్చి కలుస్తూ దాన్ని పోషిస్తుంటాయి. పాతబడిన కేంద్రకాలు గుంపులుగా చేరి ముడులు కడతాయి. శకలాలు తల్లి రక్తంలోకి రాలుతుంటాయి. ఇదంతా ఏ ఇబ్బందీ లేని గర్భంలోనూ జరిగేదే. చెట్టు కింద ఆకులు పడి ఉన్నంత మాత్రాన చెట్టు ఎండిపోతోందని చెప్పలేం, ఆకు మారుస్తూ ఉండొచ్చు. రక్తంలో కనిపించే గుర్తులూ అంతే.

ఎఫ్‌జీఆర్‌లో, ముఖ్యంగా 32 వారాల లోపు మొదలయ్యే రకంలో, గర్భాశయంలోని స్పైరల్ ధమనులు విప్పారాల్సినంత విప్పారవు. రక్తం ఆగి ఆగి, జోరుగా వచ్చి పడుతుంది. ఆక్సిజన్ తగ్గడం, మళ్లీ ఒక్కసారిగా పెరగడం, ఈ ఒడుదుడుకులు పొరను బాగా దెబ్బతీస్తాయి. మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కాస్పేజ్ ఎంజైములు మేల్కొంటాయి, కణం తనను తాను కోసుకోవడం మొదలుపెడుతుంది. దెబ్బ ఇంకా గట్టిదైతే అంత పద్ధతిగా చనిపోయే వ్యవధి కూడా ఉండదు, పగిలిపోతుంది. అది నెక్రోసిస్. చాలాసార్లు ఒకే మాయలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇంకొక్క మాట. ఆ కేంద్రకాల ముడులన్నీ అపాప్టోసిస్ అని ఒకప్పుడు ధీమాగా రాసేవారు. ఆ చర్చ ఇంకా తెగలేదు. ముడులు లెక్కపెట్టి కణమరణం అని రాసిన పాత పేపర్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

సెంట్రిఫ్యూజ్

గాజుపలక గారు లోపలి సంగతి చెప్పారు, నేను ట్యూబులో పడ్డాక జరిగేది చెప్తాను.

ఎం30, ఎం65 రెండూ సైటోకెరాటిన్ 18 అనే ప్రొటీన్‌కి సంబంధించినవే. కణం అపాప్టోసిస్‌లోకి వెళ్తే కాస్పేజులు ఆ ప్రొటీన్‌ని 396వ అమైనో ఆమ్లం, అంటే ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర కోస్తాయి. కోసిన చోట బయటపడే కొత్త అంచును మాత్రమే ఎం30 యాంటీబాడీ పట్టుకుంటుంది. ఎం65 కోసినదీ కోయనిదీ రెండూ కొలుస్తుంది. అంటే ఎం30 అపాప్టోసిస్ వైపు, ఎం65 ఏ రకంగా చనిపోయినా మొత్తం లెక్క వైపు. అందుకే రెండింటి నిష్పత్తి చూస్తారు. నిష్పత్తి తగ్గుతూ ఎం65 పెరుగుతుంటే నెక్రోసిస్ వాటా పెరుగుతోందని అనుమానించొచ్చు.

దీంట్లో మంచి గుణం ఒకటుంది. సైటోకెరాటిన్ 18 రక్తకణాల్లో ఉండదు. కాబట్టి తెల్లకణాలు చనిపోయి లెక్క పాడుచేసే బెడద డీఎన్‌ఏలో ఉన్నంత ఇక్కడ లేదు. చెడ్డ గుణం కూడా చెప్పాలి. ఇది మాయకే ప్రత్యేకం కాదు, కాలేయ కణాల నిండా ఇదే. కొవ్వు కాలేయంలో, హెపటైటిస్‌లో ఎం30 పెరుగుతుందని అందరికీ తెలిసిందే, ఆ రంగంలోనే దీన్ని ఎక్కువగా వాడారు కూడా. ఇప్పుడు ఆలోచించండి. ఎఫ్‌జీఆర్‌తోపాటు ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలు దెబ్బతినే జబ్బు) ఉండి, అది హెల్ప్ సిండ్రోమ్ (ఎర్రకణాలు పగిలి, కాలేయం దెబ్బతినే దాని తీవ్ర రూపం) వైపు జరుగుతున్న తల్లిలో ఎం30 పెరిగింది. అది బిడ్డ మాయదా, తల్లి కాలేయానిదా? కిట్ ఆ తేడా చెప్పదు. ప్రతి నమూనాతో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ పరీక్షలు కూడా చేయండి. అవి లేకుండా ఎం30 అంకె ఒక్కటే చూపిస్తే నేను నమ్మను.

పీజీ_రెండో_ఏడాది

చాలా థ్యాంక్స్ సార్. అయితే పిండ డీఎన్‌ఏకి ఆ సమస్య లేదు కదా? అది మాయ నుంచి కాక ఇంకెక్కడి నుంచీ రాదు.

జన్యు_సలహా

అక్కడ వేరే చిక్కులున్నాయండి.

తల్లి ప్లాస్మాలో పిండ డీఎన్‌ఏ ఉందని డెనిస్ లో బృందం 1997లో చూపించింది. పిండ డీఎన్‌ఏ అని పిలుస్తున్నా వచ్చేది దాదాపుగా మాయ ట్రోఫోబ్లాస్ట్ నుంచే, మీరన్నది నిజమే. కానీ ముందు అది పిండానిదని గుర్తుపట్టాలి కదా. తొలి అధ్యయనాలు చాలావరకు వై క్రోమోజోమ్ జన్యువులు కొలిచాయి, అంటే మగబిడ్డల్ని మోస్తున్న తల్లులకే పరిమితం. ఆ పేపర్లలో ఆడబిడ్డల గర్భాలు లెక్కలోకే రాలేదు. తర్వాత ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ అనే జన్యువు మీద మిథైల్ గుర్తుల (డీఎన్‌ఏకి అతుక్కునే రసాయన గుర్తుల) తేడా పట్టుకున్నారు. అది మాయలో బాగా మిథైలేట్ అయి ఉంటుంది, తల్లి రక్తకణాల్లో ఉండదు. దాంతో బిడ్డ ఆడైనా మగైనా కొలవొచ్చు. మీ థీసిస్‌కి ఆ దారి చూడండి.

రెండోది వేగం. కాన్పు తర్వాత చూస్తే సగటున 16 నిమిషాలకు పిండ డీఎన్‌ఏ సగానికి పడిపోయిందని 1999లో కొలిచారు. తర్వాత సీక్వెన్సింగ్‌తో చేసిన కొలతల్లో ఒక వేగవంతమైన దశ, ఒక నెమ్మది దశ రెండూ కనిపించాయి. ఎలా చూసినా ఒకటి రెండు రోజుల్లో దాదాపు ఏమీ మిగలదు. అంటే ఈ రోజు తీసిన రక్తం ఇవాళ్టి మరణాల్నే చూపిస్తుంది, గత నెల మాయలో జరిగిన నష్టాన్ని కాదు. ఆ నష్టం జరిగిపోయి, మిగిలిన మాయ చిన్నదై స్థిమితపడి ఉంటే రక్తంలో గుర్తులు మామూలుగానే ఉండొచ్చు. బిడ్డ మాత్రం చిన్నదే.

మీరు చూసిన పేపర్ల మధ్య గొడవకి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

లెక్కలమనిషి

మిగతా సగం నేను చెప్తాను.

ఎఫ్‌జీఆర్‌లో మాయ చిన్నది. గ్రాముకు జరిగే కణమరణం రెట్టింపైనా, మాయ బరువు సగమే ఉంటే రక్తంలోకి వచ్చే మొత్తం మారదు. పేపర్‌లో తేడా లేదని వస్తుంది. నిజానికి తేడా ఉంది, అంకెలో కనపడలేదంతే. కాన్పు తర్వాత మాయ బరువు తూచి, ఆ బరువుతో కలిపి చూసిన అధ్యయనాలు తక్కువ. మీరు అదొక్కటి పట్టుకున్నా థీసిస్‌కి విలువ వస్తుంది.

గర్భ వయసు ఇంకో ముఖ్యమైన విషయం. పిండ డీఎన్‌ఏ వారాలతోపాటు పెరుగుతుంది, చివరి నెలల్లో ఇంకా వేగంగా. తల్లి బరువు ఎక్కువైతే మొత్తం డీఎన్‌ఏలో పిండ భాగం తగ్గుతుంది. ఎఫ్‌జీఆర్ తల్లులకు 30 వారాల దగ్గర రక్తం తీసి, పోల్చడానికి 38 వారాల తల్లుల్ని పెట్టుకుంటే మీరు కొలిచేది వారాల్ని, జబ్బుని కాదు. ఇరువైపులా అదే వారంలో తీయాలి. నొప్పులు మొదలయ్యాక తీసిన రక్తం కలపకండి. నొప్పుల్లో గర్భాశయం బిగిసినప్పుడల్లా మాయకు రక్తం ఆగి మళ్లీ వస్తుంది, ఆ ఒత్తిడే గుర్తుల్ని కదిలించగలదు.

ఇంకా పెద్ద ప్రశ్న, మీ ఎఫ్‌జీఆర్ గుంపులో ఎవరున్నారు? 10వ పర్సెంటైల్ కంటే తక్కువ బరువు (అదే వయసు వందమంది బిడ్డల్లో కింది పదిమంది) ఉన్నవాళ్లందరినీ కలిపేశారా?

ప్రసూతి_వార్డు

ఆఖరి ప్రశ్నకు నేను జవాబు చెప్పకుండా ఉండలేను. ఈ రంగంలో చాలా ఏళ్లుగా ఇదే తప్పు జరుగుతోంది.

10వ పర్సెంటైల్ కింద ఉన్న బిడ్డల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. తల్లిదండ్రుల శరీర నిర్మాణమే చిన్నది, వాళ్ల మాయకు ఏ లోపమూ లేదు. మరోవైపు 10 దాటి ఉన్న కొందరు తమ గీత మీది నుంచి జారిపోతుంటారు, మాయ చాలక. 2016లో నిపుణులు డెల్ఫీ పద్ధతిలో (విడతలవారీగా అభిప్రాయాలు సేకరించి) ఒక నిర్వచనానికి వచ్చారు. పొట్ట చుట్టుకొలత గానీ అంచనా బరువు గానీ 3వ పర్సెంటైల్ కింద ఉంటే అదొక్కటే చాలు. 3కీ 10కీ మధ్యలో ఉంటే డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని కొలిచే స్కాన్) తేడా గానీ, ఎదుగుదల గీత జారడం గానీ తోడు కావాలి. 32 వారాల ముందూ వెనకా వేరు వేరు నియమాలు పెట్టారు. థీసిస్‌కి ఇదే వాడమ్మా. క్రోమోజోమ్ లోపాలు, సీఎంవీ లాంటి ఇన్‌ఫెక్షన్ల వల్ల ఎదగని బిడ్డల్ని విడిగా పెట్టు. వాళ్లలో కారణం మాయ రక్తప్రసరణ కాదు.

నన్నడిగితే ఈ గుర్తులు పనికొచ్చేది ఒక్కచోటే. చిన్నదిగా ఉన్నా క్షేమంగా ఉన్న బిడ్డనీ, మాయ చాలక చిన్నదైన బిడ్డనీ విడదీయడానికి, అదీ డాప్లర్ ఇంకా మామూలుగా ఉన్నప్పుడు. బొడ్డుతాడు ధమని డాప్లర్ చెడేసరికే మాయలోని రక్తనాళాల్లో దాదాపు 30 శాతం పోయి ఉంటాయని అంటారు. డయాస్టోల్ (గుండె సడలే సమయంలోని) ప్రవాహం ఆగిపోవడం, వెనక్కి తిరగడం అంటే 60 నుంచి 70 శాతం. అంతకంటే ముందే చెప్పగల పరీక్ష వస్తే నేను రెండు చేతులా స్వాగతిస్తాను. డాప్లర్ చెడ్డాక ఎం30 పెరిగిందని చూపించే పేపర్లు మాకు కొత్తగా ఏమీ నేర్పవు.

ఏడో_నెల

నమస్తే అండీ. నేను డాక్టర్‌ని కాదు, వెతుకుతుంటే ఈ చర్చ కనపడింది. నాకిప్పుడు 29 వారాలు. బిడ్డ బరువు 3వ పర్సెంటైల్ కింద ఉందన్నారు. మొదట్లో చేసిన ఎన్ఐపీటీలో (తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోమ్ లోపాలు చూసే పరీక్షలో) పిండ భాగం తక్కువగా ఉందని రక్తం మళ్లీ తీశారు, రెండోసారి రిపోర్ట్ మామూలుగానే వచ్చింది. మీరు మాట్లాడుతున్న ఈ ఎం30 చేయిస్తే నా బిడ్డ ఎలా ఉందో తెలుస్తుందా? అప్పుడే పిండ భాగం తగ్గిందంటే మాయ అప్పటి నుంచే పాడవుతోందా? నేను సరిగ్గా తినకపోవడం వల్లా? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

ప్రసూతి_వార్డు

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు. నువ్వు తినకపోవడం వల్ల కాదు. ఇలాంటి ఎదుగుదల లోపానికి పునాది చాలావరకు మొదటి నెలల్లో, మాయ గర్భాశయ ధమనుల్లోకి వేళ్లూనుకునేటప్పుడే పడుతుంది. అది ఏ తల్లి చేతిలోనూ ఉండదు. రోజంతా మంచం మీదే పడుకోవడం వల్ల కూడా ఇది సరికాదు, ఎవరైనా అలా చెప్పి ఉంటే ఆ భారం దించుకో.

ఎం30 చేయించొద్దు. అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఎంత వస్తే భయపడాలి, ఎంత వస్తే ఊరుకోవచ్చు అని చెప్పే హద్దు ఏదీ లేదు. ఆ అంకె చూసి ఏ డాక్టరూ కాన్పు ముందుకు జరపకూడదు, ఆపనూ కూడదు. నీ బిడ్డ గురించి ఇప్పుడు చెప్పేవి ఇవి: బొడ్డుతాడు ధమని డాప్లర్, అవసరమైతే డక్టస్ వీనోసస్ (బిడ్డ కాలేయం దగ్గరి రక్తనాళం) డాప్లర్, బిడ్డ గుండె చప్పుడు రికార్డింగ్, రెండు వారాలకోసారి ఎదుగుదల స్కాన్, నీ బీపీ, మూత్రంలో ప్రొటీన్. బిడ్డ కదలికలు నీకు అలవాటైన తీరుకంటే తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వచ్చినా అంతే.

మీ డాక్టర్‌ని రెండు విషయాలు అడుగు. ముందుగా కాన్పు చేయాల్సి వస్తుందేమో, వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎప్పుడిస్తారు? 32 వారాల లోపే కాన్పయ్యేటట్టుంటే మెదడు రక్షణకి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారా? నెలలు నిండని బిడ్డల్ని చూసుకునే యూనిట్ ఉన్నచోటే కాన్పు జరిగేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

జన్యు_సలహా

ఏడో_నెల గారూ, పిండ భాగం సంగతి నేను చెప్తాను. 10 నుంచి 20 వారాల మధ్య సగటున అది 10 శాతం దగ్గర ఉంటుంది. చాలా ల్యాబులు 4 శాతం లోపు వస్తే ఫలితం ఇవ్వవు. తగ్గడానికి తల్లి బరువు, రక్తం మరీ తొందరగా తీయడం లాంటి మామూలు కారణాలే ఎక్కువ. తక్కువ పిండ భాగం ఉన్నవాళ్లలో తర్వాత ప్రీఎక్లాంప్సియా, ఎదుగుదల లోపం కాస్త ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే, అయితే అది గుంపుల మీద చూసిన సంబంధం. ఒక్కరి రిపోర్ట్ పట్టుకుని మీ మాయ అప్పటి నుంచే పాడైందని ఎవరూ చెప్పలేరు.

పీజీ గారికి కూడా ఇందులో ఒక సంగతి ఉంది. మాయ చాలని గర్భాల్లో మొదట్లో పిండ డీఎన్‌ఏ తక్కువగా ఉండి, తర్వాత పొర దెబ్బతినే కొద్దీ ఎక్కువ కావచ్చు. మధ్యలో ఎక్కడో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటతాయి. ఆ సమయంలో రక్తం తీసినవాళ్లకు తేడా ఏమీ కనపడదు.

ఏడో_నెల

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. డాప్లర్‌లో ప్రవాహం ఉందనే చెప్పారు, కానీ నిరోధం ఎక్కువగా ఉందట. రేపు మళ్లీ వెళ్తున్నాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి అడుగుతాను. రక్తప్రసరణ పెంచే మాత్రలు ఉంటాయని ఎక్కడో చదివాను, సిల్డెనాఫిల్ అని. అవి అడగొచ్చా?

ప్రసూతి_వార్డు

వద్దమ్మా. స్ట్రైడర్ పేరుతో కొన్ని దేశాల్లో ఆ మందునే పరీక్షించారు. బిడ్డలకు మేలు కనపడలేదు. నెదర్లాండ్స్‌లో మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తుల రక్తపోటు సమస్యలు, మరణాలు కనిపించి 2018లో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇప్పటికైతే మాయను తిరిగి బాగుచేసే మందు లేదు. సరైన సమయంలో బిడ్డను బయటికి తీసుకురావడమే చికిత్స. వచ్చే గర్భంలో ఆస్పిరిన్ తక్కువ మోతాదులో, 16 వారాల లోపే మొదలుపెట్టే విషయం మీ డాక్టర్ మాట్లాడతారు. ఇప్పుడు 29 వారాల్లో కొత్తగా మొదలుపెడితే ప్రయోజనం ఆశించలేం.

ప్రవాహం ఉంది, నిరోధం ఎక్కువ అంటే దగ్గరగా గమనించాల్సిన స్థితి, చేయి దాటిన స్థితి కాదు. రేపు ధైర్యంగా వెళ్లు.

పీజీ_రెండో_ఏడాది

మేడం, ఇంకో సందేహం. మాయ నుంచి వచ్చే గుర్తులంటే ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ (రక్తనాళాల ఎదుగుదలకు సంబంధించిన ప్రొటీన్లు) ఉండనే ఉన్నాయి. అవి ఆసుపత్రుల్లో వాడుతున్నారు కూడా. కణమరణం గుర్తులు వాటికంటే అదనంగా ఏమిస్తాయి?

ప్రసూతి_వార్డు

సరైన ప్రశ్న. 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉంటే వచ్చే వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని చాలా నమ్మకంగా చెప్పగలిగారు. అది ప్రీఎక్లాంప్సియా అనుమానం ఉన్నవాళ్లకి. తొందరగా మొదలయ్యే ఎఫ్‌జీఆర్‌లో కూడా ఆ నిష్పత్తి బాగా పెరుగుతుంది. ఆలస్యంగా, 32 వారాల తర్వాత మొదలయ్యేవాటిలో అంత స్పష్టంగా ఉండదు. అక్కడే మనకు ఖాళీ ఉంది, ఆ బిడ్డలే మా చేతిలోంచి జారిపోయేది. నీ గుర్తులు ఆ ఖాళీని నింపుతాయా అన్నదే చూడు. పీఎల్‌జీఎఫ్ కూడా కొలిచి, దాని మీద ఎం30 అదనంగా ఏమైనా కలిపిందా అని అడుగు. పీఎల్‌జీఎఫ్ లేకుండా ఎం30 ఒక్కదాన్నే చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

లెక్కలమనిషి

మేడం మాటకు పూర్తి మద్దతు. ఒకే తల్లి దగ్గర రెండు మూడుసార్లు తీయగలిగితే ఇంకా మంచిది. తల్లికీ తల్లికీ తేడా చాలా ఎక్కువ, అదే తల్లిలో గీత ఎటు వెళ్తోందన్నది ఎక్కువ చెబుతుంది. మందిని తగ్గించుకున్నా పర్లేదు, సార్లు పెంచండి.

సెంట్రిఫ్యూజ్

డీఎన్‌ఏకి సీరం వాడొద్దు. గడ్డకట్టేటప్పుడు తల్లి తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ కలుస్తుంది, పిండ భాగం దానికదే తగ్గినట్టు కనిపిస్తుంది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే) ట్యూబు, కొన్ని గంటల్లోపే ప్లాస్మా వేరుచేయాలి, రెండుసార్లు తిప్పాలి. మొదటిసారి 1,600 జీ దగ్గర 10 నిమిషాలు, తీసిన ప్లాస్మాని మళ్లీ 16,000 జీ దగ్గర 10 నిమిషాలు. ఎర్రబడ్డ నమూనాలు పక్కన పెట్టేయండి. చిన్న చిన్న భాగాలుగా పంచి ఫ్రీజర్‌లో పెట్టండి, కరిగించి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టడం వద్దు. రాత్రి డ్యూటీలో తీసిన ట్యూబు పొద్దున్న దాకా బల్ల మీద ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఎంత అరుదైన కేసైనా సరే.

పీజీ_రెండో_ఏడాది

రాసుకున్నాను సార్. మాయ బరువు సంగతి లెక్కలమనిషి గారు చెప్పినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. గాజుపలక గారూ, మాయను ఎలా తూచాలి, ముక్కలు ఎక్కడెక్కడ తీయాలి?

గాజుపలక

2016 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం ప్రకారం చేయండి. బొడ్డుతాడు, పొరలు కత్తిరించి, అంటుకున్న రక్తపు గడ్డలు తీసేసి తూచాలి. లేకపోతే ఒక్కో చోట ఒక్కో బరువు వస్తుంది. కనీసం నాలుగు బ్లాకులు: పొరల చుట్టతోపాటు బొడ్డుతాడు అడ్డకోతలు ఒకదాంట్లో, మిగతా మూడూ మాయ పూర్తి మందం కనిపించేలా, మామూలుగా కనిపించే చోట్ల నుంచి. ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం) లాంటి మచ్చ ఉంటే దానికి వేరే బ్లాకు. మచ్చ అంచున తీసిన ముక్కలో ఎం30 రంగు వేస్తే ఎప్పుడూ మెరుస్తుంది, దాన్ని మాయ మొత్తానికి ఆపాదించకూడదు.

కాన్పు అయిన వెంటనే ముక్కలు తీసి ఫార్మలిన్‌లో వేయడానికి లేబర్ రూమ్ సిస్టర్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ ట్రేలో ఉన్న మాయలోనే కణాలు చనిపోతుంటాయి. బయటికొచ్చాక చనిపోయినవేవో, లోపలే చనిపోయినవేవో తర్వాత మైక్రోస్కోప్‌లో నేను విడదీసి చెప్పలేను. కాన్పు సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రెండూ సీసా మీదే రాయించండి.